ఆరంబాక్కానికి ఇచ్చిన సెలవు

నేను ఉద్యోగం చేసింది రెండేళ్ళ నాలుగు నెలలు. ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్ళు మామూలుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి, శాలువా కప్పించుకుని, ఇంటికొచ్చాక రాస్తారు. నాకు శాలువా ఎవరూ కప్పలేదు. కాంట్రాక్టు మనుషులకు పదవీ విరమణ ఉండదు. ఒక నెల పొడిగింపు కాగితం వస్తుంది, మరుసటి నెల రాదు, అంతే. అయినా ఆ రెండేళ్ళలో చేసిన ఒక తప్పు గురించి, అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చుంటున్న పిల్లలకు చెప్పాలనిపించి, మా పాప పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి చూసి వస్తుంటాను. ఎక్కడైనా అతుకు కనబడితే సర్దుకోండి.

తప్పేమిటో ముందే చెప్తాను. ఒక ముసలామె తన అన్న రాసిన ఆఖరి ఉత్తరం నా చేతికిచ్చి చదవమంది. నేను అందులో నాలుగు వాక్యాలు చదవకుండా దాటేశాను. ఆమె ఆ నాలుగు వాక్యాల కోసమే వచ్చింది.

మా ఆఫీసు తిరువళ్ళూరులో ఉండేది. మాజీ సైనికుల కుటుంబాల పనులు చూసే చిన్న ఆఫీసు. నేను రోజూ తిరుత్తణిలో ఎలక్ట్రిక్ రైలెక్కి, ఆరక్కోణం మీదుగా వెళ్ళి వచ్చేదాన్ని. పెన్షన్ తీసుకునే ముసలివాళ్ళు ఇంకా బతికే ఉన్నారని ఏటేటా కంప్యూటర్లో ఎక్కించడం నా పని. మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నా, వేలిముద్ర పడకపోతే బతికున్నట్టు కాదు. నేతపని చేసినవాళ్ళకు వేళ్ళు అరిగిపోయి ముద్రలు పడవు. వాళ్ళ వేళ్ళను తడిగుడ్డతో తుడిచి, ఊది, మళ్ళీ మళ్ళీ పెట్టించేదాన్ని.

నా పక్క కుర్చీలో ఒక రిటైర్డు హవల్దారు సారు కూర్చునేవారు. ఆయనా కాంట్రాక్టే. తమిళం తప్ప మాట్లాడరు. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా వైపు నా ఈడు వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఊరికి వందమంది ఉంటారు గానీ, చదవగలిగేవాళ్ళు దొరకరు. నాకు మాత్రం మా జేజి, అంటే మా నాయన తల్లి, పంచాంగం చదివించుకోవడం కోసం అక్షరాలు నేర్పింది. అందుకని ఆఫీసుకు తెలుగులో ఏ కాగితం వచ్చినా నా బల్ల మీదికే. హవల్దారు సారు నా బల్లకు ఎలవూరు చెక్‌పోస్టు అని పేరు పెట్టారు. సరిహద్దు దాటి వచ్చే ఆంధ్రా సరుకంతా అక్కడ ఆగాల్సిందేనట.

ఆ ఏడు మా ఆఫీసర్‌గారు ఒక సభ తలపెట్టారు. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో పడమటి సముద్రంలో మునిగిపోయిన ఒక యుద్ధనౌక ఉంది. దాంట్లో పోయిన మా జిల్లా వాళ్ళను తలుచుకోవాలని, ఆ కుటుంబాల వాళ్ళను పిలవాలని ఆయన ఉద్దేశం. ఓడ పేరు ఇక్కడ రాయను. ఆ ఇళ్ళలో కూడా ఎవరూ పేరు పెట్టి అనరు, ఓడ అంటే ఆ ఓడే. నాకు రెండు జాబితాలు ఇచ్చారు. ఒకటి ప్రాణాలు పోయినవాళ్ళది, రెండోది బతికి బయటపడినవాళ్ళది. మొదటి జాబితాలో ఇళ్ళ వాళ్ళకు ఫోన్లు చేసి పిలవడం నా పని. అప్పుడు నాకు ఏడో నెల. రైల్లో ఎవరైనా లేచి చోటిస్తే, ఆ మనిషి ముఖం మంచిదా కాదా అని చూసి కూర్చునేదాన్ని. అంత భయంగా ఉండేది ఆ రోజుల్లో.

ఫోను చేసిన నాలుగో రోజుకు ఆమె వచ్చింది. తిరుత్తణి నుంచి బస్సులో గంట దూరం ఉన్న నేతవాళ్ళ ఊరు. ఓడలో పోయినవాడికి చెల్లెలు. వాడు పోయినప్పుడు పదమూడేళ్ళ పిల్ల, ఇప్పుడు కళ్ళల్లో పొరలు కమ్మిన మనిషి. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, దాన్లోంచి గుడ్డ, గుడ్డలోంచి నీలం రంగు ఇన్లాండు ఉత్తరం తీసింది.

"మనవడు అరవం చదువుతాడు గానీ మన అక్షరం రాదు అమ్మణ్ణీ," అంది. "నీకు వస్తాదంట గదా. చదువు."

ఉత్తరం పెద్ద అక్షరాలతో, నిదానంగా రాసి ఉంది. నాయనకూ అమ్మకూ నమస్కారాలు. చెల్లెలికి మంచి రిబ్బన్లు కొనివ్వండి. ఓడలో అందరూ అందరినీ ఊరి పేర్లతోనే పిలుచుకుంటారు, నన్ను తిరుత్తణి అంటారు. ఎవరి చొక్కా చినిగినా నా దగ్గరికే తెస్తారు, నేతగాడి ముడి వేస్తే మళ్ళీ ఊడదని పేరు వచ్చింది. పెద్ద మగ్గం మీద పడుగు ఎంతవరకు వచ్చింది? నేను గట్టిగానే చదువుతున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ వింటోంది. తరువాతి వాక్యాలు ఇవి:

"ఈ తూరి లీవు వరస నాదే గానీ, మా ఆరంబాక్కం వాని పెండ్లానికి తొమ్మిదో నెల. వాడు రాత్రంతా బంకులో పొర్లుతా ఉండాడు. నా వంతు వానికి ఇడిసిపెట్టినాను. అమ్మా, నువ్వు ఒక కొసగుడ్డ తీసిపెట్టు, బిడ్డ పుట్టినాక వానికి పంపిద్దాం."

చదివేటప్పుడు కళ్ళు నోటికంటే ముందు పోతాయి. నా కళ్ళు వీటి మీదికి పోయాయి, నోరు ఆగిపోయింది. ఎవడి భార్య కాన్పు కోసమో వీడు సెలవు వదులుకున్నాడు. ఆ సెలవు తీసుకుని ఉంటే ఓడ మునిగినప్పుడు ఇంట్లో మగ్గం ముందు కూర్చుని ఉండేవాడు. ఈ సంగతి ఇంత కడుపు పెట్టుకుని నేను ఈమెకు చదివి వినిపించాలా? ఆమె బాధపడుతుందని దాటేశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఒక బిడ్డ పుట్టుక కోసం ఒక మనిషి పోయిన మాట నా నోటితో పలకడానికి భయపడ్డాను. నా బిడ్డ వింటుందేమోనని.

"వచ్చే నెలలో వస్తాను, ఇట్లు మీ కుమారుడు," అని ముగించాను.

ఆమె కళ్ళు తెరిచింది. "అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"లీవు మాట ఏమీ రాయలేదా?"

"వచ్చే నెల వస్తానని రాసినాడు."

నా చేతిలో ఉన్న ఉత్తరం అంచు తడిమింది. తరువాత, తప్పు తనదే అన్నట్టు, మెల్లగా అడిగింది. "మడత కాడ ఏమన్నా అక్షరాలు పోయినాయా? తీసి తీసి పెడతాంటిమి గదా."

దారి ఆమే చూపించింది, నేను దాంట్లోకి దూరాను. అవును పెద్దమ్మా, మడత దగ్గర రెండు మూడు వరుసలు చెరిగిపోయినాయి అన్నాను. ఆమె ఉత్తరాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఆ కళ్ళకు ఏమి కనబడుతుంది. "నాకు అంతా మంచు మాదిరే ఉండాది," అని, మళ్ళీ గుడ్డలో, కవరులో, సంచిలో పెట్టుకుని, సభకు వస్తానని చెప్పి పోయింది. హవల్దారు సారుకు తెలుగు రాదు గానీ ముఖాలు చదవడం వచ్చు. ఏమ్మా, చెక్‌పోస్టులో ఏమైనా పట్టుకున్నావా అని అడిగారు. నేను నవ్వేశాను.

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలోంచి ఇత్తడి పట్టీ ఉన్న చిన్న అద్దం తీసింది. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసే అద్దం. నేతవాళ్ళ ఇళ్ళలో అది కత్తెరంత మామూలు వస్తువు.

"దీన్ని పెట్టి చూడు అమ్మణ్ణీ. తెగిన పోగే కనిపిస్తాది దీంట్లో. చెరిగిన అక్షరం కనిపించకుండా పోతాదా."

అద్దం ఉత్తరం మీద పెట్టి వంగాను. 'కొసగుడ్డ' అన్న మాట గోడ మీద రాసినంత పెద్దగా కనబడింది. ఒక్క అక్షరం చెరగలేదు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కానీ చెప్తే మొదటిసారి అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. ఆఫీసులో ఇది మీరు కూడా నేర్చుకుంటారు: రెండో తప్పు చేసేది మొదటి తప్పును కాపాడటానికే. కనబడలేదు పెద్దమ్మా అన్నాను.

ఆమె ముఖంలో అప్పుడు వచ్చిన మార్పు నేను మరిచిపోలేదు. ఏడుపు కాదు. ఇంట్లో ఉన్న వస్తువు పోయిందని తెలిసినప్పుడు, ఎక్కడ పడేసుకున్నానా అని వెనక్కి వెనక్కి వెతుక్కునే ముఖం. "తప్పు నాదే," అంది. "తడి చేతుల్తో తీసింటాను ఎప్పుడో."

ఆ రోజు రైల్లో తిరుత్తణి దాకా ఆ మాటే నా చెవిలో ఉంది. సభ రోజు ఎలాగైనా చెప్పేయాలని అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక, సభ అయిపోనీ, ఆ తరువాత చెప్పొచ్చులే అనుకున్నాను.

సభ ఉదయం పది గంటలకు, ఆఫీసుకు దగ్గరలో ఒక కల్యాణ మండపం హాల్లో. ముందు వరుస కుర్చీలకు తెల్లగుడ్డ చుట్టాం, అవి పోయినవాళ్ళ కుటుంబాలకు. రెండో వరుస బతికినవాళ్ళకు. బతికినవాళ్ళు మా జిల్లాలో ఎవరూ మిగల్లేదు, వాళ్ళ పిల్లలు వస్తారని అనుకున్నాం. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని నేనూ హవల్దారు సారూ రిజిస్టరులో పేర్లు రాస్తున్నాం. ఆమె మనవడి చెయ్యి పట్టుకుని తొందరగానే వచ్చి ముందు వరుసలో కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

కుర్చీలన్నీ నిండుతుండగా, తెల్ల పంచె, పూర్తి చేతుల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు. హవల్దారు సారు ఏ కుటుంబమని అడిగారు. కుటుంబం కాదు, ఓడలో వాణ్ణే అన్నాడు. సారు గబగబా లేచి నిలబడి, రెండో జాబితా అంతా వేలు పెట్టి వెతికారు. పేరు లేదు. మొదటి జాబితాలో ఎలాగూ ఉండదు కదా.

"దేంట్లోనూ ఉండను సారూ," అని ఆయన తమిళంలో చెప్పి, నా ముఖం చూసి తెలుగు అని ఎలా పసిగట్టాడో, నా వైపు తిరిగాడు. "మునిగినప్పుడు నేను లీవులో ఉండినానమ్మా. మాది ఆరంబాక్కం."

చేతిలో పెన్ను ఆగిపోయింది. కుర్చీ చూపించి, ఎవరి సెలవు తాతా అని అడిగాను. అడిగిన తీరులోనే ఆయనకు అర్థమైనట్టుంది.

ఆయన చెప్పింది ఇది. సెలవులో ఇంటికి చేరిన రెండో రోజు మగబిడ్డ పుట్టాడు. పదకొండో రోజు, పేరు పెట్టాల్సిన రోజు పొద్దున, ఏమీ లేకుండానే ఊపిరి ఆగిపోయింది. ఆ మరుసటి రోజు తంతి వచ్చింది, యుద్ధం, వెంటనే రమ్మని. మట్టి ఆరకముందే గూడూరు పోయి రైలెక్కాడు. మూడో రోజు రేవులో దిగి గేటు దగ్గర ఓడ పేరు చెప్తే, కాపలా మనిషి ఆయన ముఖం చూడలేకపోయాడు.

"తిరుత్తణి వాళ్ళింటికి పోవాలని ఎన్ని తూర్లో బయలుదేరినా," అన్నాడు. "పోయి ఏమి చెప్పేది? మీ వాడు ఇచ్చిన లీవులో బిడ్డను పూడ్చిపెట్టి వచ్చినానని చెప్పేదా? వాళ్ళ కండ్లబడకుండా వెనకాల నిలబడి, పేరు చదివేది విని పోతాను తల్లీ. చెప్పబాక."

ఆయన్ను హాలు వెనక, స్తంభం పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు వరుసలో ఆమె. మధ్యలో పది వరుసలు. ఇద్దరి రహస్యమూ నా దగ్గరే ఉంది. ఆ బిడ్డ బతకలేదన్న మాట విన్నప్పటి నుంచి నా చెయ్యి నా కడుపు మీది నుంచి రాలేదు. తిరిగి బల్ల దగ్గరికి వచ్చేసరికి హవల్దారు సారు రిజిస్టరులో, పోయినవాళ్ళ గడి, బతికినవాళ్ళ గడి పక్కన స్కేలు పెట్టి మూడో గడి గీస్తున్నారు. ఏమని రాయాలి దీని పైన అని అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. మొత్తం ఆయనకు చెప్పేశాను, ఉత్తరం సంగతితో సహా. ఆయన నన్ను తిట్టలేదు. సెలవు ఇచ్చినవాడి మాట దాచడానికి మనమెవరమ్మా అని మాత్రం అన్నారు.

ఆఫీసర్‌గారు అక్షర క్రమంలో పేర్లు చదివారు. ప్రతి పేరుకూ ఒకరు వచ్చి పూలు వేశారు. అంతా సరిగ్గా, టైముకు జరిగింది. ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని అడిగితే ఎవరూ లేవలేదు. అప్పుడు హవల్దారు సారు మైకు దగ్గరికి పోయి, ఎవరినీ అడగకుండా, ఆ ఓడలో పడుకుని లేచిన మనిషి ఈ హాల్లో ఒక్కరే ఉన్నారు, ఆయన మాట్లాడాలి అని స్తంభం వైపు చెయ్యి చూపించారు.

పెద్దాయన మైకు దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడ్డాడు. నాకు ఉపన్యాసం రాదు, వాళ్ళ పేర్లు కూడా సగం తెలియవు, మేము ఊర్ల పేర్లతో పిలుచుకునేవాళ్ళం అన్నాడు. తరువాత కళ్ళు మూసుకుని, తలుపు దగ్గరి నుంచి మొదలుపెట్టాడు. బంకులు ఒకదాని మీద ఒకటి, వరుసగా ఎవరు ఎక్కడ పడుకుంటారో చెప్పుకుంటూ పోయాడు. తలుపు పక్కన కింద కొల్లం. కొల్లం మీద జలంధరు, పాడతాడు, పాడొద్దంటే ఇంకా పాడతాడు. ఆపైన రత్నగిరి, నిద్రలో పడతాడని తాడు కట్టాం. తరువాత కటక్, ఇంటి నుంచి జాబు రాకపోతే పక్కవాడి జాబు అడిగి చదువుకుంటాడు. ఏ ఒక్కరి గురించీ 'ఉండేవాడు' అనలేదు. పాడతాడు, పడతాడు, చదువుకుంటాడు. హాల్లో అందరూ ఆ చీకటి గదిలో బంకుల మధ్య నడుస్తున్నట్టు ఉంది. రోజూ నిద్రపోయే ముందు ఇలా ఒకసారి చెప్పుకుంటాడని, యాభై ఏళ్ళుగా ఒక్క రోజు తప్పలేదని తరువాత మాకు తెలిసింది.

"గోడ దిక్కున తిరుత్తణి," అన్నాడు చివరికి. "సూది దారము దిండు కింద పెట్టుకోనుంటాడు. వాని పక్క బంకు ఖాళీ. అది నాది."

కూర్చోబోయాడు. ముందు వరుసలోంచి ఆమె లేచింది. మనవడి చెయ్యి విడిచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ, గొంతు వచ్చిన వైపు నడిచింది.

"నువ్వేనా ఆరంబాక్కం?"

ఆయన మళ్ళీ లేచి నిలబడ్డాడు. తల ఊపాడు. ఆమెకు కనబడదు కదా. నేను పక్కకు పోయి, ఆయనే పెద్దమ్మా అన్నాను.

"నేను తిరుత్తణి చెల్లెల్ని. బిడ్డ ఏమైనాడు నాయనా? ఆడబిడ్డా, మగబిడ్డా?"

ఆయన నా వైపు చూశాడు. అబద్ధం చెప్పేస్తే బాగుండునని నాకు అనిపించిన మాట నిజం. చెన్నైలో ఉన్నాడు, పిల్లలు కూడా అని ఏదో ఒకటి.

"మగబిడ్డ తల్లీ," అన్నాడు. "నిలవలేదు."

"ఎన్ని దినాలు?"

"పదకొండు."

"నువ్వు ఎత్తుకుంటివా?"

"దించనే లేదమ్మా. లీవులో వచ్చింది దానికే గదా. నా ఆడది కూడా తిట్టింది, కాసేపు నాకూ ఇయ్యమని."

ఆమె చేత్తో తడుముకుని, పక్క కుర్చీలో కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మేము ఏమంటుందోనని నిలబడి ఉన్నాం.

"అయితే సరిపోయింది," అంది. "మా యన్న ఇచ్చిన దాంట్లో ఒక్క పోగు కూడా వృథా పోలేదు."

తరువాత సంచి విప్పింది. కవరు, గుడ్డ, ఉత్తరం. నా వైపు చాచింది.

"చదువు అమ్మణ్ణీ. ఆరంబాక్కం ఆయప్ప కూడా విననీ. ఇప్పుడు కనిపిస్తాదా?"

"కనిపిస్తాంది పెద్దమ్మా."

"అద్దం లేకుండానే?"

అంతే అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు, ఆ తరువాత కూడా ఎప్పుడూ అనలేదు. నేను నిలబడి, మొదటి నుంచి చివరి దాకా, ఆ నాలుగు వాక్యాలతో సహా చదివాను. 'నా వంతు వానికి ఇడిసిపెట్టినాను' అన్నచోట ఆమె పెదవులు నాకంటే ముందే ఆ మాట అన్నాయి. ఆమెకు అదంతా కంఠతా వచ్చు. పదమూడేళ్ళప్పుడు ఆమె తండ్రి చదువుతుంటే విన్నది.

అన్నీ తెలిసి నన్నెందుకు చదవమన్నావని తరువాత అడిగితే, "మా నాయన పోయినాక ఆ మాట ఎవురి నోటా వినలేదు. నాకు నేను చెప్పుకుంటే నేను కట్టుకున్న కతలాగుంటాది. కాగితం చెప్తే వాడు చెప్పినట్టు," అంది. ఆ వాక్యాలు చదివించాక, ఈ ఆరంబాక్కం మనిషి మీ జాబితాలో ఉన్నాడా అని అడగాలని వచ్చిందట. నేను చదవనే లేదు కాబట్టి అడగలేకపోయింది. యాభై ఏళ్ళూ ఎందుకు వెతకలేదంటే, వాళ్ళమ్మ ఒప్పుకోలేదట. పసిబిడ్డ ఉన్న ఇంటికి చావు కబురు మోసుకుపోకూడదు, పైగా ఇచ్చిన సెలవు తిరిగి అడగడానికి వచ్చినట్టుంటుంది అనేదట. కానీ ప్రతి ఏడూ, ఆ బిడ్డకు ఇప్పుడు ఐదేళ్ళు, బడికి పోతుంటాడు, ఇప్పుడు ఇరవై, పెళ్ళి చేస్తారు అని, చచ్చేదాకా లెక్క వేసుకుంటూనే ఉందట. ఈమె ఆ లెక్కను అక్కడి నుంచి అందుకుంది.

సంచి అడుగున ఇంకొకటి ఉంది. కొసగుడ్డ. మగ్గం మీద పడుగు అయిపోయేటప్పుడు చివర మూరెడు గుడ్డ మిగులుతుంది. ఆమె ఇంట్లో దాన్ని అమ్మకానికి పంపరు. మెత్తగా ఉతికి, ఇంట్లోనో అయినవాళ్ళ ఇంట్లోనో పుట్టిన బిడ్డను చుట్టడానికి దాచిపెడతారు. అన్న రాసినట్టే వాళ్ళమ్మ ఒకటి తీసిపెట్టింది. అన్న ఆఖరిసారి వచ్చినప్పుడు ఎక్కించి పోయిన పడుగు కొస అది. మడతల దగ్గర పసుపు రంగుకు తిరిగింది. ఆమె దాన్ని పెద్దాయన చేతిలో పెట్టింది.

"ఎవరికి తల్లీ ఇప్పుడు?" అన్నాడాయన.

"వానికే. వాని కోసరం తీసింది వానికే గదా."

ఆయన ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి, చొక్కా గుండీ విప్పి, లోపల పెట్టుకున్నాడు.

రిజిస్టరులో మూడో గడికి పేరు పెట్టమని హవల్దారు సారు మళ్ళీ గుర్తు చేశారు. 'సెలవు' అని రాశాను, దాని కింద ఒకే ఒక్క పేరు. ఆఫీసర్‌గారు చూసి ఇదేమిటన్నారు గానీ సంతకం పెట్టారు.

ఆ తరువాత నేను ఆఫీసుకు వెళ్ళింది మూడు వారాలే. చివరి పని, ఆ ఉత్తరాన్ని తమిళ అక్షరాల్లో కాపీ చేసి ఆమె మనవడికి ఇవ్వడం. తెలుగు మాటలే, తమిళ అక్షరాలు. ఒక్క అక్షరం వదలకుండా రాశానని రెండుసార్లు సరిచూశాను. ఆ కుర్రవాడు అక్కడే నిలబడి పైకి చదివి, కొసగుడ్డ దగ్గర ఆగి, వాళ్ళ అవ్వ వైపు చూశాడు. ఆమె, చదువు చదువు, ఆగబాక అంది.

కాంట్రాక్టు వాళ్ళకు కాన్పు సెలవు లేదు. హవల్దారు సారు నా బల్ల పని కూడా తానే చేస్తానని ఆఫీసర్‌గారితో చెప్పి, తెలుగు ఒక్క అక్షరం రాకుండా, మూడు నెలలు ఎలవూరు చెక్‌పోస్టును నడిపారు. ఏదైనా తెలుగు కాగితం వస్తే ఫోటో తీసి నాకు పంపేవారు, నేను ఒడిలో పిల్లను పెట్టుకుని చదివి చెప్పేదాన్ని. నాలుగో నెల నా కాగితం రాలేదు. దాని గురించి నాకు కోపం లేదని చెప్తే అబద్ధం. ఇప్పటికీ పొద్దున రైలు కూత వినబడితే టిఫిన్ డబ్బా కోసం చెయ్యి పోతుంది. అరిగిపోయిన వేళ్ళను తుడిచి, ఊది, మిషను మీద పెట్టించడం ఎంత ఇష్టమో పోయాకే తెలిసింది. కొత్తగా చేరినవాళ్ళకు ఒక్కటి చెప్పగలను. సెలవు చీటీ మీద సంతకం ఆఫీసుది. సెలవు ఇచ్చేది మాత్రం పక్క కుర్చీలో మనిషి. ఆ మనిషిని జాగ్రత్తగా చూసుకోండి.

మా పాప పుట్టాక ఆరంబాక్కం తాతకు ఫోను చేసి చెప్పాను. చెప్పమని సభ రోజే మాట తీసుకున్నాడు. సంతోషించాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగి రాసుకున్నాడు.

పదకొండో రోజు మా ఇంట్లో పురుడు, పేరు పెట్టడం. ఇంటినిండా చుట్టాలు. నేను పిల్లను ఒక్క నిమిషం కూడా కింద పెట్టలేదు. ఉయ్యాలలో వెయ్యాలని అందరూ అడిగినా, నా చేతుల్లో ఉండగానే ఉయ్యాల ఊపించాను. చేతులకు మరిగితే తరువాత నువ్వే పడతావు అని మా అమ్మ విసుక్కుంది. మధ్యాహ్నం తాత ఫోను చేశాడు. ఈ దినం పదకొండు గదా తల్లీ అని మాత్రం అన్నాడు. ఇంకేమీ అడగలేదు. రేపు మళ్ళా చేస్తానన్నాడు.

మరుసటి రోజు తెల్లవారి ఏడింటికి ఫోను మోగింది. ఇల్లంతా నిన్నటి పూల వాసన. పాప నా భుజం మీద ఉంది.

"ఏం చేస్తా ఉండాది?" అన్నాడు.

"నిద్రపోతాంది తాతా."

అవతల వాళ్ళ ఊరి స్టేషనులో రైలు పోతున్న చప్పుడు వినబడింది.

"నిద్రపోనీ," అన్నాడు. "లేపబాక."